ఒక్క రోజులో మూడు వెక్టర్లు

"వెక్టర్ ఫైల్ ఉందా అన్నా? ఈ ఫొటో పెద్దగ చేస్తే పగులుతది."

హన్మకొండ చౌరస్తా దగ్గర ఫ్లెక్సీ షాపులో పిల్లగాడు మా సంఘం లోగోను స్క్రీన్ మీద పెంచి చూపించాడు. అంచులన్నీ మెట్లు మెట్లుగా కనిపించాయి. తర్వాత అదే లోగోను గీతలతో మళ్లీ గీశాడు. ఇప్పుడు ఎంత పెంచినా అంచు నున్నగానే ఉంది. వెక్టర్ ఫైల్ అంటే ఇదే, గీత ఎక్కడ మొదలై ఎటు వంగాలో లెక్కగా దాచుకుంటుందట.

ఇంటికొస్తే బిడ్డ ఇంటర్ లెక్కల్లో సదిశలు చదువుతోంది. "అవి వెక్టర్లే బాపూ. పరిమాణం ఒక్కటే చాలదు, దిశ కూడా ఉండాలె."

సాయంత్రం ఆశా అక్క వచ్చి మా కూలర్ అడుగున టార్చి వేసింది. నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఆమె చేతిలోని కాగితంలో దోమ కూడా వెక్టరే, డెంగీని మోసుకొచ్చేది.

లాటిన్‌లో ఆ మాటకు మోసుకెళ్లేది అనే అర్థం. దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897లో బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే.

తెలుగులో లెక్కలకు సదిశ, దోమకు వాహకం. రెండూ చక్కటి మాటలే. వాటి చుట్టరికం మాత్రం కనపడదు. బిడ్డకు అదే చెప్పాను. పుస్తకం మూసి, కూలర్ నీళ్లు పారబోయడానికి నాతో వచ్చింది.