రబ్బరు బ్యాండు గీత: మూడోసారీ ఓటమే

వెండి రూపాయి మీది నల్ల గీత పోలేదు! రాత్రి పదకొండింటి దాకా వంటింట్లో కూర్చుంటే మిగిలింది కుళ్ళిన గుడ్డు కంపొక్కటే.

అమ్మమ్మ ట్రంకు పెట్టెలోని వెండి రూపాయలన్నీ దొంతరగా పేర్చి రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. రబ్బరులో వెండిని నల్లబరిచే గంధకం, పైగా మా బరంపురం చెమ్మ. అన్నిటికంటే పైనున్న 1944 బిళ్ళ మీద ఆరో జార్జి చెంప మీదుగా నల్లటి గీత పడింది. వెడల్పు 3.2 మి.మీ.

1919 రూపాయి రెండు నిమిషాల్లో శుభ్రపడింది. ఈ 1944దే మొండిఘటం. మొదటిసారి 200 మి.లీ. వేడినీళ్ళు, చెంచాడు సోడా, అడుగున అల్యూమినియం ఫాయిలు, రెండు నిమిషాలు: నలుపు కాస్తా కాఫీ రంగయింది. రెండోసారి కొత్త ఫాయిలు, ఐదు నిమిషాలు: గులాబీ ఛాయ. నిన్న సోడా రెట్టింపు చేసి పది నిమిషాలు ఉంచాను. ఆ గులాబీ అలాగే ఉంది. బరువు 11.61 నుంచి 11.60 గ్రాములకు దిగింది గానీ, నా తూనిక తేడాయే అంత ఉంటుంది. పదింతల భూతద్దంలో చూస్తే గీత పొడుగునా సూదిమొన గుంటలు. అంటే అది పైన పట్టిన మసి కాదు, లోహాన్నే తినేసింది.

నా అనుమానం రాగి మీద. పాత రూపాయిలో వెండి 91.7 శాతం. 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో వెండి సగమే, రాగి 40, మిగతాది నికెలూ జింకూ. ఫాయిలు పద్ధతి వెండి మీది నలుపుని మళ్ళీ వెండిగా మారుస్తుంది. రాగి దగ్గర దాని పప్పులు ఉడకలేదనుకుంటా.

పక్కింటి ఒడియా మావుసి (పిన్ని) "తెంతుళి రుద్దు" అంటుంది, అంటే చింతపండు. అది ఆవిడ ఇత్తడి దీపాలకు సరే. పులుపు రాగిని లాగేస్తే పైన పాలిపోయిన వెండి పొర మిగులుతుంది. పీతాంబరి పొడి కూడా చెంబులకే. కంసాలి మెరుగు పెడతానన్నాడు, దణ్ణం పెట్టి వచ్చేశాను. అసలు ఫాయిలు కూడా అందరికీ చెప్పను. 1911 పంది రూపాయి ఒకటుంది (రాజు మెడహారంలోని ఏనుగు పందిలా ఉందని గొడవైతే 1912లో బొమ్మ మార్చారు), అది ఎంత నల్లగా ఉన్నా ముట్టుకోను.

1944కి ఇక సోడా స్నానాలు బంద్. ఇంకో రెండు బిళ్ళలకు ప్లాస్టిక్ కవరు జిగురు ఆకుపచ్చగా పట్టింది, దాన్ని కరిగించడానికి ఎసిటోన్ తెచ్చాను. తర్వాత అన్నీ క్యాప్సూళ్ళలోకి (నాణేలు పెట్టే ప్లాస్టిక్ డబ్బీలు), సిలికా జెల్‌తో డబ్బాలోకి. పర్లాకిమిడి మావయ్యకి మాత్రం ఇవాళే ఫోన్ చేయాలి, ఆయన మూటకీ రబ్బరు బ్యాండే ఉన్నట్టు గుర్తు.