క.సా.గు. రాగానే వర్గం చేసేయకండి

8, 15, 20 మూడింటితోనూ శేషం లేకుండా పోయే అతి చిన్న సంపూర్ణ వర్గం ఎంత? పోటీ పరీక్షలకి చదివేవాళ్ళని ఎవర్నడిగినా క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే మూడింటితోనూ పోయే అతి చిన్న సంఖ్య) 120 అని టక్కున చెప్పేస్తారు, గడబిడంతా ఆ తర్వాతే. చాలామంది 120ని 120తోనే గుణించేసి 14400కి టిక్ పెట్టేస్తారు. అది వర్గమే, మూడింటితోనూ పోతుంది, ఆప్షన్లలో కూడా కూర్చుని ఉంటుంది (పేపర్ తయారుచేసేవాళ్ళకి మన తొందర సంగతి బాగా తెలుసు). కానీ అడిగింది అతి చిన్నది కదా!

120 అంటే 2×2×2×3×5. వర్గం అవ్వాలంటే ప్రధాన కారణాంకాలన్నీ చెప్పుల్లా జతలుగా ఉండాలి. రెండు 2లకి జత కుదిరింది, ఇంకో 2, ఒక 3, ఒక 5 ఒంటిగా మిగిలాయి, కాబట్టి వాటికి మాత్రమే జోడీ తేవాలి: 2×3×5 = 30. 120×30 = 3600, అంటే 60 వర్గం. 14400లో జరిగిందేంటంటే, ఆల్రెడీ జతగా ఉన్న 2లకి ఇంకో జత తెచ్చిపెట్టాం, అందుకే అది సరిగ్గా నాలుగు రెట్లు ఎక్కువొచ్చింది.

నన్నడిగితే వర్గాన్ని వదిలేసి మూలాన్ని పట్టుకోవడమే సుఖం. పై మూడింటితోనూ పోయే ఏ వర్గానికైనా మూలం 60 గుణిజమే అయి తీరాలి. ఇది పట్టుబడితే "12, 15, 18తో పోయే అయిదంకెల అతి పెద్ద వర్గం" లాంటివి నోటితో చెప్పేయొచ్చు. క.సా.గు. 180, అందులో ఒంటిగా ఉన్నది 5 ఒక్కటే, కాబట్టి వర్గం 900కి గుణిజం, మూలం 30కి గుణిజం. అయిదంకెల్లో ఉండాలంటే మూలం 316 దాటకూడదు, 317 వర్గం 100489 అయిపోతుంది. 316 లోపు 30 గుణిజాల్లో పెద్దది 300, జవాబు 90000. 316 దగ్గర్నుంచి ఒక్కొక్కటీ దిగుతూ భాగించి చూసేవాళ్ళున్నారు, వాళ్ళ ఓపికకి దండం!

నాకు బాగా నచ్చే లెక్క ఇంకోటుంది. 2తో గుణిస్తే వర్గం, 3తో గుణిస్తే ఘనం అయ్యే అతి చిన్న సంఖ్య. ఇక్కడ ఘాతాంకాలే, అంటే ఏ ప్రధాన కారణాంకం ఎన్నిసార్లు ఉందన్నదే చూడాలి. 2 మీది ఘాతాంకం బేసి అవ్వాలి, 3 గుణిజమూ అవ్వాలి, కాబట్టి 3. 3 మీదిది సరి అవ్వాలి, ఒకటి కలిపితే 3 గుణిజం అవ్వాలి, కాబట్టి 2. 8×9 = 72. సరిచూసుకోండి: 144 అంటే 12 వర్గం, 216 అంటే 6 ఘనం.

ఇదే లెక్కలో గుణించే బదులు భాగించమంటే? 2తో భాగిస్తే వర్గం, 3తో భాగిస్తే ఘనం రావాలి. జవాబు వెయ్యి లోపే ఉంది, కాలిక్యులేటర్ ముట్టుకోకుండా చేయండి.