1914-18 నాటి పేపరూ, కందకంలోంచి వచ్చిన కార్డూ: రెండిట్నీ పక్కపక్కన పెట్టి చదవడం

గంజాం ఒడిశాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బరంపురం, పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోవే. జయపురం, రాయగడ, గుణుపురం విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. కాబట్టి ఈ వైపు తెలుగు చదువరికి యుద్ధమంటే చాలావరకు మద్రాసు పేపర్లలో వచ్చిందే. ఆంధ్రపత్రిక దినపత్రికగా మారింది 1914 ఏప్రిల్ 1న. నాలుగు నెలలు తిరిగేసరికి యుద్ధం వచ్చిపడింది.

ఆ కాలం పేపర్లు ముందేసుకుని పచ్చి అబద్ధాల కోసం వెతికేవాళ్ళని చూస్తుంటాను. అలా వెతికితే దొరికేవి తక్కువ. రాయనివేమిటో వెతకాలి.

ముందు వార్త వచ్చిన దారి చూడండి. యుద్ధం మొదట్లో విలేకరుల్ని ముందు వరుస దగ్గరికి రానివ్వకుండా బ్రిటిష్ యుద్ధ మంత్రి కిచెనర్ అడ్డుకున్నాడు. వాళ్ళకి బదులు స్వింటన్ అనే సైనికాధికారి ‘ప్రత్యక్ష సాక్షి’ పేరుతో రాసేవాడు. 1915లో కొద్దిమంది విలేకరులకి అనుమతి దొరికింది: అధికారి దుస్తులు, చేతికి ఆకుపచ్చ పట్టీ, వెంట సైన్యం మనిషి, రాసిన ప్రతి కాగితానికీ సెన్సారు. దళాల పేర్లు, ఊళ్ళ పేర్లు అక్కడే పోయేవి. మిగిలింది లండన్ చేరి, తంతి మీద ఇక్కడికొచ్చి, తెలుగులోకి మారేది. ఇక్కడ 1910 ప్రెస్ చట్టం ఉండనే ఉంది. ప్రెస్సు పెట్టేవాడి దగ్గర 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు అడగొచ్చు, రాత నచ్చకపోతే జప్తు చేయొచ్చు. ఆ స్థితిలో తంతిలో లేని మాట చేర్చే సంపాదకుడెవడు?

ఉత్తర ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్ ఊరి దగ్గర జరిగిన యుద్ధం పోల్చి చూడ్డానికి మంచి ఉదాహరణ. భారత దళాలు పెద్ద ఎత్తున పాల్గొన్నాయి గనక మనకి పనికొస్తుంది కూడా. 1915 మార్చి 10 ఉదయం ఏడున్నరకి ఫిరంగులు మొదలై 35 నిమిషాలు కాల్చాయి. పొద్దున్నే ఊరు చేతికొచ్చింది. పేపరు చెప్పిన ఈ విజయం నిజమే. ఆ తరవాత జరిగినదాన్ని చూడండి. టెలిఫోన్ తీగలు తెగాయి. కబురు కాలినడకన వెనక్కి వెళ్ళి, హుకుం తిరిగి వచ్చేసరికి గంటలు. వెనక ఉన్న దళాలు కదిలేలోగా జర్మన్లు కొత్త వరుస కట్టుకున్నారు. గఢ్వాల్ రైఫిల్స్ మొదటి బెటాలియన్ కుడివైపు దారి తప్పి, ఫిరంగులు ముట్టని ముళ్ళతీగ మీదికి వెళ్ళింది. మూడు రోజుల్లో బ్రిటిష్, భారత దళాల నష్టం 11,000 పైచిలుకు, అందులో భారతీయులు 4,000కి పైగా. గెలుచుకున్నది కిలోమీటరు లోతు నేల.

‘ముళ్ళతీగ తుడిచిపెట్టుకుపోయింది’ తరహా వాక్యం కనిపిస్తే ఆగి ఆలోచించండి. అప్పట్లో తీగ తెంచడానికి ఎక్కువగా వాడింది ష్రాప్నెల్ గుండు. అది గాల్లో పేలి కింద ఉన్నదాని మీద గోళీలు చల్లుతుంది. సరైన ఎత్తులో పేలితే తీగ తెగుతుంది, కాస్త ఎత్తులో పేలితే గోళీలు సందుల్లోంచి జారిపోతాయి. నేల తాకీ తాకగానే పేలే మంచి ఫ్యూజు వచ్చేసరికి 1916 గడిచిపోయింది.

ఇక పేపరు ‘చెప్పుకోదగ్గదేమీ లేదు’ అని రాసిన రోజులు. నా లెక్కలో అసలైన వార్త ఆ రోజులదే. ఆ ప్రాంతంలో రెండడుగులు తవ్వితే నీళ్ళు. అందుకని అక్కడి కందకం చాలాచోట్ల గొయ్యి కాదు, నేల మీద లేపిన బస్తాల గోడ. ఇసుక బస్తా అంటారు గానీ లోపల ఉండేది అక్కడి బంకమన్నే. తూటా ఆగాలంటే మూడు నాలుగడుగుల మందం కావాలి. వానకి పై వరుస జారి పలచబడిన చోట తలకి తగులుతుంది. వరుసని తిన్నగా కట్టరు, మలుపులు తిప్పుతారు. గుండు పడితే ముక్కలు ఆ మలుపుతో ఆగాలి, శత్రువు ఒక మూల దూరినా పొడవునా కాల్చలేకపోవాలి. అడుగున చెక్క పలకలు, వాటి కింద నీరు చేరే గుంత. గుంత పూడిందా, పలకలు తేలతాయి.

ఆ నీళ్ళలో కదలకుండా గంటలకొద్దీ నిలబడితే ట్రెంచ్ ఫుట్ అనే కాళ్ళ జబ్బు. దీనికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. తడి బూటు, తడిసి బిగుసుకునే కాలిపట్టీ చాలు. ముందు తిమ్మిరి, తరవాత వాపు. బూటు విప్పితే మళ్ళీ ఎక్కదు. ముదిరితే వేళ్ళు నల్లబడతాయి, కోసేయాలి. 1914-15 చలికాలంలో బ్రిటిష్ సైన్యంలో 20,000 మందికి పైగా దీని బారిన పడ్డారు. విరుగుడు తిమింగలం నూనె మర్దనా, రోజూ పొడి మేజోళ్ళూ, ఇద్దరిద్దరు జతకట్టి ఒకరి కాళ్ళొకరు చూసుకోవడమూ. ఆ పొడి మేజోళ్ళు రాత్రి సరుకు మోసే జట్టు తేవాలి. దారిలో గుళ్ళు పడితే ఆ పూటకి రావు.

1916 జులై 1న ఫ్రాన్సులోని సొమ్ నది దగ్గర ఒక్కరోజులో బ్రిటిష్ నష్టం 57,470. అందులో చనిపోయినవాళ్ళు 19,240. బ్రిటిష్ విలేకరి ఫిలిప్ గిబ్స్ దాన్ని మంచి రోజుగానే రాశాడు. ఇంకో విలేకరి బీచ్ థామస్ ఆనాటి తన రాతలకి సిగ్గుపడ్డానని యుద్ధం ముగిశాక ఒప్పుకున్నాడు. సిపాయిలు అంతదాకా ఆగలేదు. బెల్జియంలోని ఈప్ర్ పట్నం శిథిలాల్లో దొరికిన ప్రెస్సు మీద సొంత పేపరు అచ్చేసుకుని, అందులో ‘టీచ్ బోమాస్’ అని ఆయన్ని ఆటపట్టించారు.

అలాగని సిపాయి రాతని కళ్ళు మూసుకుని నమ్మడానికీ లేదు. సిపాయి ఇంటికి పంపుకోవడానికి సైన్యం ఇచ్చిన ఫీల్డ్ సర్వీస్ కార్డు చూడండి. ‘నేను బాగున్నాను’, ‘ఆసుపత్రిలో చేరాను’, ‘మీ ఉత్తరం అందింది’ లాంటి అచ్చు వాక్యాలుంటాయి; అక్కర్లేనివి కొట్టేసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఇంకో ముక్క రాస్తే కార్డు చింపేస్తారు. ‘బాగాలేను’ అనే వాక్యం అందులో లేనే లేదు. కాబట్టి కార్డు వల్ల తెలిసేది ఒక్కటే, ఆ తేదీకి మనిషి బతికున్నాడు.

1915 మార్చి నాటికి ఫ్రాన్సులోని భారత సిపాయిలు వారానికి పది నుంచి ఇరవై వేల ఉత్తరాలు రాస్తున్నారు. చదువురానివాళ్ళు రాయించుకునేవాళ్ళు. రెజిమెంటులో ఒకసారి, ఫ్రాన్సు రేవుపట్నం బులోన్‌లోని సెన్సారు ఆఫీసులో ఇంకోసారి చదివేవాళ్ళు. నల్ల మిరియాలంటే మనవాళ్ళు, ఎర్ర మిరియాలంటే తెల్లవాళ్ళు అని గుర్తులు పెట్టుకుని రాసేవాళ్ళు అందుకే. ఇవాళ మనం చదివేది చాలావరకు సెన్సారు ఏరి, ఇంగ్లీషులోకి మార్చి నివేదికలో పెట్టిన ముక్కలే.

చదివేటప్పుడు పేపరు తేదీ కాదు, తంతి బయల్దేరిన తేదీ రాసుకోండి. ‘ముందుకు సాగాం’ అంటే ఎన్ని గజాలో వెతకండి. అంకె లేకపోతే అనుమానించండి. తరవాతి వారాల్లో వచ్చే మృతుల జాబితాలు పక్కన పెట్టుకోండి, వాటిలో యుద్ధం పేరుండదు, తేదీల్ని బట్టి మీరే జతచేయాలి. మీ వైపు మనిషి కోసం కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైటులో చూసేటప్పుడు పేరొక్కటే కొట్టకండి, ఇంగ్లీషు స్పెల్లింగులు ఎలాగైనా ఉంటాయి. రెజిమెంటు, సర్వీసు నంబరు తెలిస్తే వాటితో వెతకండి. ఊరు, జిల్లా ఉన్న నమోదుల కోసం అయితే ‘ఒడిశా’ కాదు, ‘గంజాం’ (Ganjam), ‘విజగపటం’ (Vizagapatam) అని పాత స్పెల్లింగుతో ప్రయత్నించండి.