తెర కారుది, పని ఫోన్‌ది
"షోరూంకు తీసుకపోవాలె బావా, కారుకు అప్‌డేట్ రాలే" అని బామ్మర్ది ఒకటే పట్టు. జడ్చర్ల దాటి మహబూబ్‌నగర్ వైపు వస్తుంటే తెర మీది మ్యాప్ టక్కున మాయమైంది. కేబుల్‌తో కారుకు కలిపిన ఫోన్ మాత్రం ఛార్జ్ అవుతూనే ఉంది!

అక్కడే నాకు అనుమానం. టీ హోటల్ దగ్గర ఆపి వేరే కేబుల్ పెడితే మ్యాప్ ప్రత్యక్షం. పాతది కరెంటు మోస్తోంది, డేటా మోయడం మానేసింది.

ఫోన్‌లోని మ్యాప్, పాటలను కారు తెర మీదికి తెచ్చేది ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆండ్రాయిడ్ ఆటో, ఐఫోన్‌కు కార్‌ప్లే. ఏదైనా నడిచేది ఫోన్‌లోనే. కారు తెర బొమ్మ చూపిస్తుంది, మన వేలు ఎక్కడ తాకిందో ఫోన్‌కు చెబుతుంది. అందుకే ఒకదానికి అప్‌డేట్ ప్లే స్టోర్‌లో, ఇంకోదానికి ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. కారు సొంత సాఫ్ట్‌వేర్ వేరే లెక్క, దానికైతే షోరూం అవసరం పడొచ్చు.

బామ్మర్ది నమ్మితేగా! సర్వీసింగ్‌కు పోయినప్పుడు మెకానిక్‌నే అడుగుతాడంట.