గాలంతో కడలి ఒడ్డున

చెరువుల్లోనూ కాలువల్లోనూ గాలం వేయడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. నాచు పెరిగిన తీరును, గట్టు మీది చెట్టు నీడను చూసి చేప ఎక్కడ మసలుతుందో ఊహించి, అక్కడ ఎర దింపి, బెండు మీద చూపు నిలిపి కూర్చోవడమే నాకు తెలిసిన విద్య. ఒడ్డు నుంచి సముద్రంలో గాలం వేయాలన్న కోరిక తీర్చుకోవడానికి బయలుదేరే ముందే నాకు బోధపడినదేమిటంటే, అక్కడ చోటు వెతుక్కోవడానికన్నా ముందు వేళ చూసుకోవాలి. చెరువులో చేప తన తావున ఉంటుంది, మనం దాని దగ్గరకు వెళతాం. ఇసుక తీరంలో మాత్రం చేప నీటితో పాటే ఒడ్డుకు వస్తుంది, నీటితో పాటే వెనక్కి పోతుంది.

అందువల్ల ప్రయాణపు రోజును నా తీరికను బట్టి కాక ఆటుపోట్ల పట్టికను బట్టి నిర్ణయించుకున్నాను. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక ప్రతి రోజూ పోటు వేళ ముందు రోజుకన్నా ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమి, అమావాస్యల దరిదాపుల్లో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలిసి నీరు బాగా ఎత్తుకు లేచి బాగా దిగువకు పోతుంది; అష్టమి నాటికి ఆ తేడా తగ్గుతుంది. పున్నమి దాటిన తరువాత, మధ్యాహ్నం నీరు పూర్తిగా తీసి, చీకటి పడ్డాక పోటు నిండే రోజును ఎంచుకున్నాను. తీరపు వేటలో చాలా ఏళ్ల అనుభవం ఉన్న పెద్దాయన ఒకరు నాతో వచ్చారు.

ఆయన మొదట నా చేత రాడ్డు పట్టించలేదు. "ముందు నేల చూడు బాబూ, ఇంకాసేపట్లో ఇదంతా నీళ్ల కింద ఉంటుంది" అని, నీరు తీసిన ఇసుక మీద చాలా దూరం నడిపించారు. ఒడ్డుకు సమాంతరంగా ఒక ఇసుక దిబ్బ, దానికీ ఒడ్డుకూ మధ్య మోకాలి లోతు కాలువ, దిబ్బను ఒకచోట చీల్చుకుని లోపలికి పోయే గండి కనిపించాయి. ఇసుకలో పురుగుల బొరియలు, పీతల కలుగులు అడుగడుగునా ఉన్నాయి. పోటు ఎక్కేటప్పుడు చేపలు ఆ గండి గుండా కాలువలోకి వచ్చి, అలలు తవ్వి బయటపెట్టే ఈ పురుగులనూ పీతలనూ తింటాయి. నీరు కప్పేసిన తరువాత కూడా ఈ నేలను గుర్తుపట్టవచ్చు: అల విరిగి తెల్లబడే చోట లోతు తక్కువ, విరగకుండా నల్లగా సాగిపోయే చోట లోతు ఎక్కువ. ఏటి నీటిని చదవడం వచ్చిన కంటికి ఇది తొందరగానే పట్టుబడుతుంది, ఆ సంగతి నాకెంతో ధైర్యాన్నిచ్చింది. అయితే ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి లోపలికి పరుగెత్తేదీ అలాంటి గండి గుండానే. స్నానానికి దిగినవారిని లాక్కుపోయే ప్రవాహం అదే కనుక, గాలం వేసేవారు దాని పక్కన పొడి ఇసుక మీద నిలబడాలే తప్ప నీటిలోకి దిగకూడదు.

సరంజామా అంతా నాకు కొత్తే. చెరువులో ఏడడుగుల రాడ్డు చాలు. ఇక్కడ అలల వరుసను దాటి విసరడానికీ, దారాన్ని నురగకు పైన నిలపడానికీ 12 నుంచి 14 అడుగుల రాడ్డు కావాలి. ఎరను దూరం తీసుకుపోవడానికి దారానికి కట్టే సీసపు బరువు 5 ఔన్సులు, అంటే సుమారు 140 గ్రాములు. అంత బరువును బలంగా విసిరినప్పుడు సన్నని దారం తెగితే సీసం తుపాకీ గుండులా ఎవరికైనా తగలవచ్చు కనుక, అసలు దారానికి ముందు షాక్ లీడర్ అనే లావు దారం ముడివేస్తారు. ఔన్సుకు 10 పౌన్ల చొప్పున 5 ఔన్సులకు 50 పౌన్లు తట్టుకునే దారం ఉండాలన్నది లెక్క. విసిరే ముందు అది రీలు మీద కొన్ని చుట్లు ఉండేంత పొడవుండాలి. సీసానికి నాలుగు తీగ కాళ్లుంటాయి. అవి ఇసుకలో గుచ్చుకుని, ప్రవాహానికి ఎర కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. మెత్తని ఎర విసురుకు ఊడిపోకుండా సాగే సన్నదారంతో చుట్టడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఆటు నుంచి పోటుకు పట్టే సుమారు 6 గంటల్లో నీరు ఒకే వేగంతో పెరగదు. మూడో గంట, నాలుగో గంట కలిపితే దాదాపు సగం నీరు వచ్చేస్తుంది. మేమూ ఆ వేళకే ఎరలు సిద్ధం చేసుకుని, పొద్దు వాలుతుండగా కాలువలోకి విసిరాం. మొదట్లో ఎరలను పీతలే ఒలిచేశాయి, ఉత్త గాలపు ముళ్లు తిరిగొచ్చాయి. ఆ తరువాత బిగుతుగా ఉన్న దారం ఉన్నట్టుండి వదులై అల మీద వాలింది. బెండు మునగడం కోసం చూసే నా కంటికి అది ఏమీ కానట్టే అనిపించింది గాని, "చుట్టు, చుట్టు!" అని పెద్దాయన కేక వేశారు. చేప ఎర అందుకుని సీసపు కాళ్లను ఇసుక నుంచి ఊడబెరికి ఒడ్డువైపే వస్తోందన్నమాట. వెనక్కి నడుస్తూ దారం బిగించే సరికి రాడ్డు కొన ఒక్కసారిగా వంగింది. ఒడ్డు చేరిన చేపను బలవంతంగా లాగకూడదు. నీరు వెనక్కి తీస్తున్నప్పుడు దారం కాస్త వదలాలి, వెనుక నుంచి మరో అల లేచినప్పుడు దానితో పాటే పైకి తేవాలి.

వచ్చినది జెల్ల. మంచినీటి జెల్లల వల్ల ఆ మీసాలూ ఆ మూతీ నాకు పరిచయమే గనుక చాలా సంతోషం కలిగింది. వీపు మీద ఒకటి, చెంపల వెనుక రెండు, మొత్తం మూడు ముళ్లు నిక్కబొడుచుకుని ఉన్నాయి. రంపపు పళ్లున్న ఆ ముళ్లకు విషం ఉంటుంది. పెద్దాయన తడిగుడ్డ వేసి అదిమిపట్టి, పొడవాటి పట్టకారుతో గాలాన్ని తీశారు. సముద్రపు జెల్లల్లో చాలా జాతుల మగచేపలు గుడ్లను నోట్లో దాచుకుని, పిల్లలయ్యే దాకా తిండి మానేసి కాపాడతాయని ఆయన చెప్పారు. దీని నోట్లో గుడ్లేమీ లేవు. అయినా దాన్ని అలలోకి వదలమని నేనే అడిగాను.

పోటు నిండి నీరు నిలిచిన కాసేపటికి ఎరను ముట్టుకునే చేపే లేకపోయింది. బసకు చేరగానే చేసిన మొదటి పని రీలునూ రాడ్డు రింగులనూ మంచినీటితో కడగడం. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, ఒక్క రాత్రి వదిలేసినా లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. ధారగా కొడితే ఉప్పు రీలు లోపలికి పోతుంది కనుక సన్నగా పోస్తూ కడిగి, తుడిచి, ఆరబెట్టాను.