ఏ పురుగైనా ఒకటే మందట

ఇల్లంతా మందు వాసన. కిటికీలు బార్లా తీసి, ఫ్యాన్లన్నీ వేసి, చిన్నదాన్ని అత్తయ్య దగ్గర ముందు గదిలో పడుకోబెట్టా. ఆయన ఎప్పుడో నిద్రపోయారు. నాకు మాత్రం ఆ పురుగుమందు అబ్బాయి అన్న మాట చెవిలోంచి పోవట్లేదు. "ఏ పురుగైనా ఒకటే మందు మేడమ్, మీరు బయట కూర్చోండి చాలు." అంతే, అరగంటలో వంటింటి అరల నుంచి బాల్కనీ మొక్కల దాకా కొట్టుకుంటూ పోయాడు. కొడితే కొట్టాడు, కనీసం ఒక్కదాన్ని పట్టుకుని ఇదేంటో అని చూడొచ్చుగా?

అసలు మా ఇంట్లో ఇప్పుడున్నవి ఒక రకం కాదు. పిండి డబ్బాలో తిరిగేవి సన్నగా, ఎర్రటి గోధుమరంగులో, మూడు నాలుగు మిల్లీమీటర్లుండే పిండి పురుగులు. వాటికి గట్టి గింజని తొలిచే బలం లేదు, పిండో నూకో విరిగిన గింజలో ఉంటేనే బతుకుతాయి, ఎక్కువైతే అవి వదిలే రసాయనాలకి పిండంతా ఒకరకం ఘాటు వాసనొస్తుంది. ముక్కు పురుగు సంగతి వేరు. అది మంచి గింజకే కన్నం పెట్టి, లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది, ఇంక దాని పిల్ల లోపలే తిని లోపలే పెరిగి పెద్ద పురుగయ్యాకే బయటికొస్తుంది. అందుకే పైకి కనిపించినవి చెరిగి పారేసినా కొన్నాళ్లకి మళ్లీ అన్ని తయారవుతాయి. రెండింటికీ చెయ్యాల్సింది మాత్రం అది ఏ డబ్బాలో మొదలైందో వెతకడమే. వెనకాల మర్చిపోయిన పాత ప్యాకెట్ ఏదో ఉంటుంది, దాన్ని కట్టేసి బయట పారెయ్యాలి, అరల మూలల్లో రాలిన పిండి వాక్యూమ్‌తో లాగెయ్యాలి, కొత్తగా తెచ్చినవి ఓ వారం ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత గట్టి మూతున్న డబ్బాల్లో పోసుకోవాలి. మూత పెట్టిన డబ్బా మీద మందు కొడితే లోపలున్న పురుగుకి ఏమవుతుంది? పక్కనున్న కంచాలకి మాత్రం బాగా పట్టింది. సాయంత్రమంతా అత్తయ్యా నేనూ గిన్నెలూ కంచాలూ గ్లాసులూ అన్నీ దించి సబ్బుతో తోముకున్నాం. ఆవిడ ఒక్క మాట అనలేదు, అనుంటే నాకు కొంచెం బాగుండేది.

కిటికీ గట్టు మీద చుక్కల చుక్కల గుండ్రటి బుల్లి పురుగులు కార్పెట్ బీటిల్స్. పెద్దవాటికి పువ్వుల పుప్పొడి కావాలి, వెలుతురు చూసి కిటికీ దగ్గరికి చేరతాయి, వాటి నూగు పిల్లలే ఉన్ని, పట్టు, రాలిన వెంట్రుకలు తినేది. అంటే వెతకాల్సింది కిటికీ దగ్గర కాదు, చలికాలం బట్టల పెట్టెలో. ఆ పెట్టె అతను తెరవనే లేదు.

బాల్కనీ సంగతి తలుచుకుంటే ఇంకా మండుతోంది. మందార మొక్కకి పేనుబంక పట్టి పది రోజులుగా ఆకులన్నీ జిగురు, నేను కావాలనే ఏమీ కొట్టకుండా ఊరుకున్నా ఎందుకంటే ఆ పేనుబంకని తినే అక్షింతల పురుగులొచ్చాయి. గుడ్లు పెట్టాయి, పిల్లలు కూడా బయటికొచ్చాయి, నల్లగా పొడుగ్గా మొసలి పిల్లల్లా ఉంటాయి, తెలియనివాళ్లు అవే మొక్కని తినేస్తున్నాయనుకుంటారు. 1888లో ఆస్ట్రేలియా నుంచి కాలిఫోర్నియాకి ఈ కుటుంబంలోదే ఇంకో రకాన్ని తెప్పించి వదిలితే, పొలుసు పురుగు పట్టి చచ్చిపోతున్న నారింజ తోటలు రెండేళ్లలోపే తేరుకున్నాయి. అంత పని చేసేవి మా బాల్కనీకి వాటంతటవే వస్తే చంపించుకున్నాం. చిన్నది రోజూ బడి నుంచి రాగానే ఆ ఆకు కింద ఎన్నున్నాయో లెక్కపెట్టేది. ఇవాళ అడిగితే ఏం చెప్పాలో తెలియక మాట మార్చేశా.

చిన్నదాన్ని అలా చూస్తే నాకు జీరంగి గుర్తొస్తుంది. మా చిన్నప్పుడు అన్నయ్యా నేనూ తుమ్మ చెట్ల కింద తిరిగి తిరిగి పట్టుకొచ్చేవాళ్లం, అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి అందులో పెట్టేవాళ్లం. ఆ ఆకుపచ్చ, దాని మీద తిప్పుతుంటే నీలం, మళ్లీ బంగారం. ఒకసారి నాది పెట్టెలో గుడ్లు పెట్టింది. నేను అమ్మకి చెప్పలేదు, తలగడ కింద పెట్టుకున్నా, పిల్లలొస్తాయని రోజూ తీసి చూసేదాన్ని. జీరంగి చచ్చిపోయింది, గుడ్లు ఎండిపోయాయి, అన్నయ్య పారెయ్యమన్నాడు, నేను ఏడిస్తే వాడే ఆ రెక్కలు తీసి నా లెక్కల పుస్తకంలో పెట్టాడు. ఎన్నేళ్లైనా ఆ రెక్కల రంగు మారలేదు. అది పూసిన రంగు కాదట, రెక్క మీద ఒకదాని కింద ఒకటున్న సన్నటి పొరల నుంచి వెలుగు తిరిగొచ్చి కలవడం వల్ల వచ్చే రంగట, అందుకే ప్రాణం పోయినా అలాగే ఉంటుంది. అన్నయ్య ఆ మాట ఫోన్లో చెప్పినప్పుడు మేమిద్దరం చాలాసేపు ఆ పుస్తకం గురించే మాట్లాడుకున్నాం. వాడు ఇప్పుడు దేశంలో లేడు, ఫోన్ చెయ్యడమూ తగ్గించేశాడు, సరే అది వేరే రోజు రాస్తా.

ఆ జీరంగి కుటుంబంలోనే చెక్కలో పెరిగేవి ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 1983లో ఒకరింటి మెట్ల చెక్కలోంచి ఒక పురుగు బయటికొచ్చింది, పిల్లగా ఆ చెక్కలో 51 ఏళ్లుందట. ఎండిపోయిన చెక్కలో బలమైన తిండి ఉండదు, అందుకని పిల్ల ఎదుగుదల అంత నెమ్మదిస్తుంది. మా పుస్తకాల బీరువాలో ఉన్నది ఆ రకం కాదులెండి. గుండుసూది తలంత కన్నాలు, కింద వేళ్ల మధ్య నలిపితే గరుకే తగలని మెత్తటి పొడి, ఇది చెక్కని పిండి చేసే పౌడర్‌పోస్ట్ బీటిల్. అతను ఆ కన్నాల్లోకి సిరంజితో మందు ఎక్కించి వెళ్లాడు. పెద్దదై బయటికి పోతూ పురుగు చేసిన కన్నం అది! ఆ దారిన వచ్చింది ఎప్పుడో వెళ్లిపోయింది. లోపల ఇంకా పిల్లలుంటే అవి వేరే చోట తింటూ ఉంటాయి.

ఇదంతా ఆయన మీద కోపంతోనే మొదలుపెట్టా, నన్నడక్కుండా ఎందుకు పిలిపించారని. రాస్తుంటే పోయిన వానాకాలం గుర్తొచ్చింది. చిన్నదాని మెడ మీద ఎర్రగా వాతలా తేలి, మర్నాటికి బొబ్బలై, అది రాత్రంతా ఏడ్చింది. సన్నగా చీమలా, నారింజ నలుపు పట్టీలతో ఉండే పెడరస్ అనే పురుగు, లైటుకొచ్చి మీద వాలితే నిద్రలో నలిపేసింది. అది కుట్టదు, కరవదు, నలిగితే లోపలి రసమే చర్మాన్ని కాలుస్తుంది. ఆ రాత్రి దాన్ని ఎత్తుకుని తిరిగింది ఆయనే. అప్పట్నుంచి ఏ పురుగు కనిపించినా ఆయన మొహం మారిపోతుంది. కాబట్టి పిలిపించినందుకు ఆయన్నేమీ అనను. అయినా గోడలకి మందు కొడితే రేపు రాత్రి లైటుకొచ్చే పురుగు ఆగుతుందా, రాత్రిళ్లు కిటికీ దగ్గర లైటు ఆర్పాలి, మెష్ చిరుగు కుట్టించాలి, మీద వాలితే నలపకుండా కాగితంతో తీసేసి సబ్బుతో కడగాలి. పొద్దున్నే ఈ మాట ఆయనకి నెమ్మదిగా చెప్తా.

బీరువా మాత్రం రేపు బయట పడేద్దామని ఆయనన్నారు, సాయంత్రం నేనూ సరే అన్నా. ఇప్పుడు వద్దనిపిస్తోంది. పొడి అంతా తుడిచి, ఉన్న కన్నాలన్నిటి చుట్టూ పెన్సిల్‌తో గీసి, కింద నల్ల చార్టు పరిచి చూస్తా. అది ఆనించి ఉన్న గోడకి చెమ్మ ఉంది, ముందు దాన్ని జరపాలి. కొత్త పొడి రాలకపోతే పాలిష్ పెట్టించి వాడుకుంటాం, పై పూత మూసుకుంటే ఆ పురుగుకి గుడ్డు పెట్టే సందు దొరకదు. రాలితే మాత్రం చెక్క సంగతి తెలిసినవాళ్లని పిలుస్తా, ఈసారి వచ్చినవాళ్లు ముందు ఆ పొడి చేత్తో పట్టుకుని చూశాకే మందు డబ్బా తెరవనిస్తా.