ఆర్నొన్‌కూర్ గారు, మన కోయరు

సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్ళు అడిగారు. హాస్టల్ గురించీ స్పోర్ట్స్ డే గురించీ ఎలాగూ చాలామంది రాస్తారు కదా, నేను ఒక కండక్టర్ గురించి, అంటే పాశ్చాత్య సంగీత బృందాన్ని ముందు నిలబడి నడిపించే ఆయన గురించి రాస్తానన్నాను. ఆయన పేరు నికొలౌస్ ఆర్నొన్‌కూర్. మనలో ఎక్కువమంది ఈ పేరు విని ఉండరు, కానీ స్కూల్ కోయర్లో నిలబడి పాడినవాళ్ళకి ఈయన గురించి తెలిసి తీరాలని నా పట్టుదల.

1929లో బెర్లిన్లో పుట్టారు, పెరిగింది ఆస్ట్రియాలోని గ్రాజ్ లో. చెల్లో, అంటే కూర్చుని కాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది, వాయించేవారు. 1952లో వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో ఉద్యోగం వచ్చింది, అక్కడ కండక్టర్ కరయాన్ హవా నడుస్తున్న రోజులవి. ఆ ఉద్యోగం చేస్తూనే, వయొలిన్ వాయించే భార్య ఆలిస్ గారూ ఇంకొంతమంది స్నేహితులూ కలిసి పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ సంగీతకర్త బాక్ కాలం సంగీతాన్ని ఆ కాలపు వాయిద్యాలతోనే వాయించాలని కూర్చున్నారు. 1953లో కాన్సెంటస్ మ్యూజికస్ అనే బృందం పెట్టారు కానీ జనం ముందు మొదటి కచేరీ చేసింది 1957లో. మధ్యలో నాలుగేళ్ళు పాత వాయిద్యాలు వెతుక్కోవడం, కొనుక్కోవడం, రాతప్రతులు చదవడం, సాధన. చప్పట్లు లేకుండా అన్నేళ్ళు కూర్చోవడం మామూలు విషయం కాదండీ, నాకు ఆయన కెరీర్ మొత్తంలో బాగా నచ్చే భాగం ఇదే.

పాత వాయిద్యాలంటే ఏంటి తేడా అని అడుగుతారేమో. వయొలిన్ కి లోహపు తీగలు కాకుండా పేగు తీగలు, బో (తీగల మీద లాగే కర్ర) వంపు కూడా వేరు, ట్రంపెట్ కి వాల్వులు (స్వరం మార్చే మీటలు) ఉండవు కాబట్టి పెదాలతో ఊపిరితో మాత్రమే స్వరం పట్టాలి, ఫ్లూటు చెక్కది, పిచ్ ఇప్పటికంటే సుమారు అర స్వరం తక్కువ. ప్రతి స్వరాన్నీ వణికిస్తూ వాయించరు, అవసరమైన చోటే వణికిస్తారు. దాంతో శబ్దం కొంచెం గరుకుగా ఉంటుంది కానీ లోపల ఎవరేం వాయిస్తున్నారో విడివిడిగా వినపడుతుంది. అయితే ఆయనకి వాయిద్యమే పరమార్థం కాదు. 1800కి ముందటి సంగీతం మాట్లాడుతుంది, తర్వాతది బొమ్మ గీస్తుంది అని ఆయన వాదన. మన పద్యనాటకాల్లో ఒకాయన రాగం తీస్తూ తీస్తూ పద్యాన్ని మింగేస్తాడు, ఇంకొకాయన అదే పద్యాన్ని మాట విరిచి, ఒత్తు పలికి, ఎదుటివాడి మొహం మీద విసిరినట్టు చదువుతాడు, ఈయన ఆ రెండోరకం.

1969లో సింఫనీ ఉద్యోగం వదిలేశారు. మొజార్ట్ 40వ సింఫనీని అందంగా, తీయగా, ఏ బాధా లేనట్టు వాయించడం ఇక తనవల్ల కాదనిపించిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. 1971లో హార్ప్సికార్డ్ (పియానోకి ముందటి కీబోర్డు వాయిద్యం) వాయించే డచ్ విద్వాంసుడు గుస్టావ్ లియోన్‌హార్ట్ తో కలిసి బాక్ చర్చి కాంటాటాలు (ఆరాధనలో వాయిద్యాలతో పాడే కృతులు) మొత్తం, అంటే దాదాపు 200, రికార్డ్ చేయడం మొదలుపెట్టారు. పూర్తవడానికి దాదాపు ఇరవయ్యేళ్ళు పట్టింది. బాక్ కాలంలో చర్చిలో పాడింది మగపిల్లలు కాబట్టి ఇక్కడా పై స్థాయి సోలోలు ఎక్కువగా పిల్లలతోనే పాడించారు. కొన్నిచోట్ల పిల్లలు కష్టపడుతున్నట్టు వినపడుతుంది, అయినా నాకు ఆ రికార్డులే ఇష్టం.

ఇక మన కోయర్ సంగతి. క్రిస్మస్ కి చాపెల్లో, బాక్ కాలంవాడే అయిన హ్యాండెల్ రాసిన 'మెస్సయ్య'లోని హల్లెలూయ కోరస్ పాడేవాళ్ళం గుర్తుందా, మాస్టారు సోల్ఫా (డో రే మీ స్వరాలు) బోర్డు మీద రాసి ఒక్కో పార్ట్ విడివిడిగా నేర్పించి, చివర్లో అందరినీ కలిపి నెమ్మదిగా, గంభీరంగా, గోడలు అదిరేలా పాడించేవారు. నాకు ఒళ్ళు జలదరించేది. హ్యాండెల్ అంటే అలాగే ఉండాలనుకునేదాన్ని. ఉద్యోగానికి వియన్నా వెళ్ళాక, ఆర్నొన్‌కూర్ గారి మెస్సయ్య రికార్డింగ్ విన్నాను. తేలిగ్గా, చురుగ్గా, మాట మాటకీ అర్థం తెలిసేలా ఉంది. పైగా ట్రంపెట్లూ డ్రమ్ములూ హల్లెలూయలో మొదట్నుంచీ ఉండవు, హ్యాండెల్ వాటిని కాసేపు ఆపి తర్వాత తెస్తాడు, వచ్చినప్పుడు ఆ దెబ్బే వేరు. 1742లో డబ్లిన్లో మెస్సయ్యని మొదటిసారి పాడినప్పుడు అది చిన్న కోయరే. తర్వాత ఇంగ్లాండులో విక్టోరియా కాలంలో లండన్లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద గాజు భవనంలో వేలమంది కలిసి పాడటం ఆనవాయితీ అయింది, మిషన్ స్కూళ్ళకి ఆ పద్ధతే వచ్చింది, మన మాస్టారు మనకి ఇచ్చింది అదే. దానికీ ఒక చరిత్ర ఉంది, ఆయన నేర్పిన పార్టులు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు కాబట్టే రెండో పద్ధతిలో ఏం మారిందో చెవికి వెంటనే తెలిసింది.

ఆర్నొన్‌కూర్ గారు పాత సంగీతానికే పరిమితమైపోలేదు. 1990-91లో ఛాంబర్ ఆర్కెస్ట్రా ఆఫ్ యూరప్ తో గ్రాజ్ లో బీథోవెన్ సింఫనీలన్నీ చేశారు, వాయిద్యాలు ఇప్పటివే, ట్రంపెట్లు మాత్రం వాల్వులు లేని పాతరకం. 2001లో వియన్నా న్యూ ఇయర్ కాన్సర్ట్ కి పిలిస్తే, చివర్లో అందరూ చప్పట్లు కొట్టే రాడెట్స్కీ మార్చ్ ని దాని మొదటి రూపంలో కచేరీ ఆరంభంలోనే వాయించారు. చేతిలో కర్ర పట్టుకునేవారు కాదు. వేళ్ళు, కళ్ళు, అంతే.

వియన్నాలోని కచేరీ హాలు మ్యూజిక్‌ఫెరైన్ లో వెనక నిలబడే టికెట్ చవక, అలా ఆయన్ని చూశాను. 2015 మేలో తన బృందంతో బీథోవెన్ 4, 5 వాయించారు. ఐదో సింఫనీ చివర వరసగా వచ్చే ఆ కార్డ్స్ (అందరూ ఒక్కసారిగా కొట్టే స్వరాల గుంపులు) మధ్య ఆయన అంతంతసేపు ఆపుతుంటే, అయిపోయిందా ఇంకా ఉందా అని హాలంతా ఊపిరి బిగబట్టింది. తొమ్మిదీ ఇలాగే చేయాలని ఆయన ప్లాన్. ఆ డిసెంబర్ 5న, 86వ పుట్టినరోజుకి ముందురోజు, ఒంట్లో శక్తి లేదు, ఇక ఆపేస్తున్నాను అని చేత్తో రాసిన ఉత్తరం కచేరీ కాగితాలతో పాటు శ్రోతలకి ఇచ్చారు, తమది కలిసి కొత్తవి కనుక్కునే బృందం అయిందని అందులో సంతోషంగా రాశారు. 2016 మార్చి 5న పోయారు. ఆ సిరీస్ లో ఆ రెండు సింఫనీలే వచ్చాయి, మిగతా ఏడూ ఈ బృందంతో ఆయన చేతుల్లో ఎలా ఉండేవో అని నాకు ఇప్పటికీ బాధే.